72 గంటల గడువు

హెచ్‌ఐవీ ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి చేరాలంటే మూడు సంగతులు ఒకేసారి కలిసిరావాలి. మొదటిది ద్రవం: రక్తం, వీర్యం, యోని స్రావం, మలద్వారపు స్రావం, చనుబాలు. ఆపరేషన్ గదుల్లో డాక్టర్లకు ఎదురయ్యే కొన్ని లోపలి ద్రవాలను పక్కన పెడితే మామూలు జనం లెక్కపెట్టుకోవాల్సినవి ఈ అయిదే. రెండోది దారి: తెగిన చర్మం, సూది దిగిన చోటు, జననాంగాల్లో, మలద్వారంలో, నోట్లో, కంట్లో ఉండే పలుచని తడి పొర. మూడోది మోతాదు: ఆ ద్రవంలో బతికున్న వైరస్ తగినంత ఉండాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా జబ్బు అంటుకోదు.

ఊళ్ళలో భయాలు మాత్రం ఈ లెక్కను ఖాతరు చేయవు. సెలూన్‌లో గడ్డం గీసేటప్పుడు బ్లేడు తెగితే వారం రోజులు నిద్రపట్టని వాళ్ళున్నారు. గాలి తగిలి రక్తం ఆరేకొద్దీ అందులోని వైరస్ చాలామటుకు బలం కోల్పోతుంది కాబట్టి సెలూన్ బ్లేడుతో వచ్చే ప్రమాదం దాదాపు లేనట్టే. కొత్త బ్లేడు వేయమని అడగడం మంచిదే, అయితే దానికి హెపటైటిస్-బి అసలు కారణం. ఉమ్ము, చెమట, కన్నీళ్ళతో హెచ్‌ఐవీ రాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే బాత్‌రూమ్ వాడినా, జబ్బున్న మనిషిని పట్టుకుని ఏడ్చినా రాదు. దోమ కుట్టినా రాదు. దోమ ఒంట్లో ఈ వైరస్ పెరగదు, పైగా దోమ ఒకరి దగ్గర పీల్చిన రక్తాన్ని ఇంకొకరికి ఎక్కించదు. అదే మనుషులు, కండోమ్ చిరిగిన రాత్రి మాత్రం "ఏమవుతుందిలే" అనుకుని పడుకుంటారు. సెలూన్ బ్లేడుకు పడే భయంలో సగం ఆ రాత్రి పడితే చాలామందికి జబ్బు తప్పేది.

ఈ లెక్క తెలిసి ఉండాల్సిన ఊళ్ళకు ఉదాహరణ జగ్గయ్యపేట, నందిగామ. ఒకప్పుడు ఇవి కృష్ణా జిల్లా మెట్ట ఊళ్ళు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి, ఒకప్పటి 9వ నంబరు, ఇప్పటి 65, ఈ రెండు ఊళ్ళనూ తాకుతూ పోతుంది. గరికపాడు దగ్గర ఆంధ్రలోకి అడుగుపెట్టిన లారీ చిల్లకల్లు, నందిగామ, కీసర టోల్‌ప్లాజా, కంచికచర్ల దాటుకుంటూ విజయవాడ చేరుతుంది. సున్నపురాయి దొరికే నేల కావడంతో జయంతిపురం, ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. పత్తి, మిర్చి, సిమెంటు బస్తాలు, వాటిని మోసే లారీలు, వాటి మీద బతికే డ్రైవర్లు, క్లీనర్లు, హమాలీలు: ఇంటికి దూరంగా నెలల తరబడి ఉండే మగవాళ్ళు ఎక్కువగా తిరిగే దారి ఇది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో తన కార్యక్రమాల్లో లారీ కార్మికులకూ వలస కూలీలకూ ప్రత్యేకంగా చోటిచ్చింది ఇందుకే.

మన దేశంలో హెచ్‌ఐవీని తొలిసారి 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె దగ్గర చదువుకుంటున్న నిర్మల కనిపెట్టారు. నాకో 1992లో పుట్టింది. ఆ తర్వాతి పదేళ్ళలో మహారాష్ట్ర, తమిళనాడు, కర్ణాటక, మణిపూర్, నాగాలాండ్‌లతోపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా తీవ్రత ఎక్కువున్న ఆరు రాష్ట్రాల జాబితాలోకి ఎక్కింది. 2000 దశకం తొలినాళ్ళలో రాష్ట్రమంతటా ఎయిడ్స్ ప్రచార హోర్డింగుల మీద "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న ప్రశ్న కనిపించేది. దాన్ని తలుచుకుని నవ్వుకోని తెలుగువాడు ఆ తరంలో లేడు. ప్రచారంగా అది గొప్ప విజయమే. కానీ జనం మనసులో ఎయిడ్స్ అంటే పులిరాజాలాంటి తిరుగుబోతుల జబ్బు అన్న ముద్ర కూడా పడిపోయింది. గడప దాటని ఇల్లాళ్ళకు భర్తల ద్వారా ఇది వచ్చిందన్న సంగతి ఆ నవ్వులో కొంత మరుగున పడింది.

2021 సంవత్సరానికి నాకో వేసిన అంచనా ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్ళు దాదాపు 24 లక్షలు. వారిలో ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్ళు సుమారు 3.2 లక్షలు, మహారాష్ట్ర తర్వాత ఇదే ఎక్కువ. పెద్దవాళ్ళలో దేశ సగటు 0.21 శాతమైతే ఇక్కడ 0.67 శాతం. ఈ అంకెను ఒక్క వైపు నుంచే చదవకూడదు. మందులు వచ్చాక జనం చనిపోవడం తగ్గింది, కాబట్టి జబ్బుతో బతికున్నవాళ్ళ సంఖ్య ఎక్కువగా కనిపిస్తుంది. కొత్తగా అంటుకునేవి మాత్రం 2010తో పోలిస్తే 2021కి దేశమంతా కలిపి దాదాపు 46 శాతం తగ్గాయి.

ఇక ప్రమాదం ఎంతన్న ప్రశ్న. అవతలి మనిషికి హెచ్‌ఐవీ ఉండి, మందులు వాడకుండా, కండోమ్ లేకుండా ఒకసారి కలిస్తే ఎంత అవకాశముంటుందో పరిశోధకులు సగటులు కట్టారు. మామూలు స్త్రీపురుష సంబంధంలో ఆడమనిషికి 10,000 సార్లకు 8, మగమనిషికి 4. మలద్వార సంభోగంలో స్వీకరించేవారికి 138, చేసేవారికి 11. ఒకే సిరంజితో ఇద్దరు మత్తుమందు ఎక్కించుకుంటే 63. ఆసుపత్రిలో వాడిన సూది గుచ్చుకుంటే 23. వైరస్ ఉన్న రక్తం సీసా ఎక్కిస్తే 9,250, అంటే దాదాపు తప్పించుకోలేనిది. రక్తనిధుల్లో ప్రతి యూనిట్‌కూ పరీక్ష తప్పనిసరి చేసింది అందుకే.

పదివేలకు ఎనిమిది అనగానే హాయిగా ఊపిరి పీల్చుకునేవాళ్ళు ఈ సగటు ఎలా పుట్టిందో చూడాలి. ఇది ఒక్కసారికి లెక్క. వైరస్ ఉన్నట్టు తెలియని భర్తతో ఏడాదిలో వందసార్లు కలిసిన భార్యకు ఆ ఎనిమిది కాస్తా వందకు దాదాపు 8 అవుతుంది. పదేళ్ళ కాపురానికి ఎంతవుతుందో చెప్పనక్కర్లేదు. ఇంకో సంగతి, సగటు ఎప్పుడూ ఇద్దరి పరిస్థితినీ ఒకే గాటన కట్టేస్తుంది. జననాంగాల మీద పుండ్లున్నా, సుఖవ్యాధి ఏదైనా ముదిరి ఉన్నా దారి మరింత తెరుచుకుంటుంది. జబ్బు అంటుకున్న తొలి వారాల్లో రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది. ఆ రోజుల్లో ఆ మనిషికే తన జబ్బు సంగతి తెలియదు, ఒక్కోసారి పరీక్షకూ దొరకదు. కండోమ్ ప్రతిసారీ సరిగ్గా వాడితే ప్రమాదం 80 శాతం దాకా తగ్గుతుంది. పుండ్లకూ, స్రావాలకూ ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్కుల పేరుతో ఉచిత వైద్యముంది.

హైవే ఊళ్ళలో తరచూ ఎదురయ్యే సందర్భం ఒకటుంది. రాత్రిపూట బండి బోల్తా పడుతుంది. దగ్గర్లోని హోటల్‌లోంచి, పొలంలోంచి నలుగురు పరిగెత్తుకొచ్చి పడ్డవాళ్ళను లాగుతారు. చేతులు, చొక్కా అంతా రక్తం. అంబులెన్స్ వెళ్ళిపోయాక ఎవరో ఒకరు అడుగుతారు: వాళ్ళకేమైనా జబ్బుందేమో, మనకు అంటుకుంటుందా? చర్మం చెక్కుచెదరకుండా ఉంటే ఎంత రక్తం అంటినా ప్రమాదం లేదు. చర్మమే అన్నిటికన్నా గట్టి తొడుగు. చేతి మీద అప్పుడే తెగిన గాయముండి అందులోకి రక్తం చేరినా, కంట్లోకో నోట్లోకో చిమ్మినా కొంచెం అవకాశముంది. పొర మీద పడిన రక్తానికి పదివేలకు తొమ్మిది అని ఆసుపత్రి సిబ్బంది అనుభవాల మీద కట్టిన లెక్క. సబ్బూ నీళ్ళతో కడుక్కోవాలి, కంటిని మంచినీళ్ళతో బాగా కడగాలి, గాయముంటే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ భయంతో రోడ్డు మీద పడ్డవాళ్ళను వదిలేయడానికి మాత్రం కారణం లేదు. దగ్గర పాలిథిన్ కవరు ఉంటే చేతికి చుట్టుకున్నా చాలు.

సూది దగ్గర జాగ్రత్త వేరు. నలతగా ఉంటే "ఒక సూది వేసేయండి" అని అడగడం మన ఊళ్ళలో అలవాటు. ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్ళినవాళ్ళు మాత్రలు చాలన్నా ఒప్పుకోరు. ప్రతిసారీ కొత్త సిరంజి, కొత్త సూది అయితే బాధ లేదు. ఒకటే సిరంజిని మళ్ళీ మళ్ళీ వాడితే ఏమవుతుందో 2019లో పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రం రతోదేరో పట్టణం చూసింది. అక్కడ వందల మంది పసిపిల్లల్లో హెచ్‌ఐవీ బయటపడింది. వాళ్ళ తల్లిదండ్రుల్లో ఎక్కువమందికి జబ్బు లేదు. ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో 2018లో హెచ్‌ఐవీ కేసులు బయటపడినప్పుడూ ఒక నాటువైద్యుడు వాడిన సిరంజి మీదే అనుమానం నిలిచింది. సిరంజి కవరు కళ్ళెదుట చించమని అడగడానికి మొహమాటపడకూడదు. చెత్త ఏరేటప్పుడు మున్సిపల్ కార్మికులకు గుచ్చుకునే పాత సూదుల విషయానికొస్తే, ఎండకు ఎండిన సూదిలో హెచ్‌ఐవీ బతికుండే అవకాశం చాలా తక్కువ. ధనుర్వాతం, హెపటైటిస్-బి అక్కడ పెద్ద భయాలు. టీకా వేయించుకోని మనిషికి హెపటైటిస్-బి ఉన్న రక్తపు సూది గుచ్చుకుంటే నూటికి 6 నుంచి 30 దాకా అవకాశముంటుంది. హెచ్‌ఐవీ కంటే అది ఎన్నో రెట్లు. దానికి టీకా ఉంది, హెచ్‌ఐవీకి లేదు.

మోతాదు సంగతి మొదట్లో చెప్పినంత తేలికగా వదిలేసేది కాదు. గత పదిహేనేళ్ళలో హెచ్‌ఐవీ వైద్యంలో వచ్చిన పెద్ద మార్పంతా అక్కడే ఉంది. వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడితే కొన్ని నెలల్లో రక్తంలో వైరస్ పరీక్షకు కూడా దొరకనంత తగ్గిపోతుంది. చెన్నై, పుణె కేంద్రాలు కూడా పాల్గొన్న హెచ్‌పీటీఎన్ 052 అనే పరిశోధన, భార్యాభర్తల్లో ఒకరికే జబ్బున్నప్పుడు మందులు త్వరగా మొదలుపెడితే రెండోవాళ్ళకు అంటడం 96 శాతం తగ్గుతుందని 2011లో తేల్చింది. ఆ తర్వాత ఐరోపాలో జరిగిన పార్ట్‌నర్ పరిశోధనల్లో, వైరస్ అణిగిపోయిన మనిషి నుంచి కండోమ్ లేని వేల కొద్దీ కలయికల్లో ఒక్కరికీ జబ్బు సోకలేదు. మందు సక్రమంగా వాడుతూ వైరల్ లోడ్ దొరకనంత తగ్గిన మనిషి లైంగికంగా ఎవరికీ అంటించడు. ఏఆర్‌టీ సెంటర్లో ఏళ్ళ తరబడి మందు తీసుకునేవాళ్ళు కూడా కొందరు ఈ మాట నమ్మరు. దేశంలో ఈ మందుల ఉచిత పంపిణీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. 2017 నుంచి, జబ్బు తేలితే చాలు, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా మందు ఇస్తున్నారు. తల్లి నుంచి బిడ్డకు సోకే విషయంలోనూ ఇదే సూత్రం. ఏ వైద్యమూ లేకపోతే పాలిచ్చే కాలంతో కలిపి నూటికి 15 నుంచి 45 దాకా సోకే అవకాశం ఉంటుంది. గర్భిణిగా ఉన్నప్పుడే తల్లికి మందు, పుట్టాక బిడ్డకు మందు అందితే అది అయిదు శాతంలోపుకు దిగుతుంది.

ఇంత జాగ్రత్తా దాటి ప్రమాదం జరిగితే? కండోమ్ చిరిగిపోవచ్చు. నర్సు చేతికి సూది దిగవచ్చు. అత్యాచారం జరగవచ్చు. అప్పుడు లెక్కలోకి వచ్చేది గడియారం. పొర దాటి లోపలికి వచ్చిన వైరస్ వెంటనే ఒళ్ళంతా పాకదు. తొలి గంటల్లో ఆ చుట్టుపక్కల కణాల్లోనే ఉంటుంది. వాటిని పట్టుకుని రెండు మూడు రోజుల్లో దగ్గరి లింఫు గ్రంథులకు, అక్కడి నుంచి రక్తంలోకి చేరుతుంది. కణంలోకి దూరిన వైరస్ తన ఆర్‌ఎన్ఏను డీఎన్ఏగా మార్చుకుని, దాన్ని మన కణపు డీఎన్ఏలో అతికించేసుకుంటుంది. ఒకసారి అతుక్కుందంటే తీసేసే మందు లేదు. అతుక్కోకముందే ఆపాలి.

ఆ పని చేసేదే, ప్రమాదం జరిగిన 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే నివారణ మందు, డాక్టర్ల మాటల్లో పీఈపీ. 1990లలో కోతుల మీద చేసిన ప్రయోగాల్లో టెనోఫోవిర్ అనే మందును 24 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు ఇస్తే అన్నీ తప్పించుకున్నాయి. 48, 72 గంటలకు మొదలుపెట్టినప్పుడు కొన్నిటికి జబ్బు వచ్చింది. పది రోజులకే ఆపేసినప్పుడూ కొన్నే తప్పించుకున్నాయి. మూడు రోజులకు ఆపేస్తే ఒక్కటీ తప్పించుకోలేదు. 72 గంటలు, 28 రోజులు అనే అంకెల వెనుక ఉన్న ఆధారాల్లో ముఖ్యమైనది ఇది. మనుషుల్లో, సూది గుచ్చుకున్న ఆసుపత్రి సిబ్బంది మీద 1997లో వెలువడిన అధ్యయనం జిడోవుడిన్ అనే పాత మందు ఒక్కటే ప్రమాదాన్ని 81 శాతం తగ్గించిందని చూపింది. ఇప్పుడు మూడు మందులు కలిపి ఇస్తున్నారు. 72 గంటలన్నది ఆఖరి గడువు, అంతదాకా తీరిగ్గా ఆలోచించుకోమని కాదు. నాకో చెప్పేది మొదటి డోసు వీలైతే రెండు గంటల్లోపు పడాలని.

ప్రమాదం జరిగిన చోట చేయాల్సింది తక్కువే, చేయకూడనిదే ఎక్కువ. సూది దిగిన వేలిని పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. డెట్టాలు, స్పిరిట్, బ్లీచింగ్ పోసి రుద్దకూడదు, అవి కణజాలాన్ని కాల్చి దారిని మరింత తెరుస్తాయి. పారే నీటి కింద సబ్బుతో కడిగితే చాలు. కాంటాక్ట్ లెన్సులుంటే అవి ఉండగానే ముందు కంటిని కడిగి, తర్వాత తీసి మళ్ళీ కడగాలి. లైంగిక సంబంధం తర్వాత లోపలికి నీళ్ళు కొట్టి కడగడం మేలు చేయదు, కీడే చేస్తుంది.

తర్వాత దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి. పగలైతే ఐసీటీసీకి వెళ్ళవచ్చు. పరీక్ష, కౌన్సెలింగ్ రెండూ ఉచితంగా జరిగే గది అది. ఎవరిని అడగాలో తెలియకపోతే ఓపీ చీటీ రాసేవాళ్ళ దగ్గర "ఐసీటీసీ ఎక్కడ?" అని అడిగితే సరిపోతుంది, కారణం చెప్పనక్కర్లేదు. అయితే ఆ గది సాయంత్రానికి మూసేస్తారు, ప్రమాదాలేమో రాత్రిపూటే ఎక్కువ. కాబట్టి రాత్రయితే క్యాజువాలిటీకే నేరుగా వెళ్ళాలి. పీఈపీ మందు క్యాజువాలిటీలోనూ, ప్రసవ గదిలోనూ, ఐసీయూలోనూ 24 గంటలూ అందుబాటులో ఉండాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. అక్కడ దొరకకపోతే విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఉంది. నందిగామ నుంచి యాభై కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి ఎనభై కిలోమీటర్ల లోపు. తెల్లారాక చూద్దామనుకుంటే పోయేవి ఎనిమిది గంటలు. ఎటు వెళ్ళాలో తోచకపోతే 1097కు ఫోన్ చేయవచ్చు. అది దేశమంతటికీ ఉచిత ఎయిడ్స్ హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు.

ప్రభుత్వ కార్యక్రమంలో పీఈపీ మొదట ఆసుపత్రి సిబ్బంది కోసం, తర్వాత అత్యాచార బాధితుల కోసం రూపుదిద్దుకుంది. మిగిలిన సందర్భాల్లో ప్రమాదం తీవ్రత చూసి డాక్టరు నిర్ణయిస్తారు. డాక్టరు అడిగే ప్రశ్నలకు సిగ్గుపడకుండా జవాబివ్వాలి: ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, కండోమ్ ఉందా, అవతలివాళ్ళకు జబ్బున్నట్టు తెలుసా, మందులు వాడుతున్నారా. అవతలి మనిషి పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తూ మొదటి డోసు ఆపకూడదు. ఫలితం వచ్చాక, అవసరం లేదని తేలితే మందు మానేయవచ్చు. అత్యాచారం జరిగినప్పుడు ప్రభుత్వాసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా బాధితులకు వెంటనే ఉచితంగా వైద్యం చేయాల్సిందే. పాత సీఆర్‌పీసీ 357సీ సెక్షన్, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 397 సెక్షన్ ఈ సంగతి చెబుతాయి. పోలీసు కేసు పెట్టాకే మందు అనే మాట చెల్లదు.

మందు పేరు టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 కలిసిన ఒకే బిళ్ళ. మొదటి రెండూ వైరస్ డీఎన్ఏగా మారడాన్ని అడ్డుకుంటాయి, మూడోది అతుక్కోవడాన్ని అడ్డుకుంటుంది. రోజుకొకటి, 28 రోజులు. ప్రపంచంలో పేదదేశాలు వాడే ఈ రకం మందుల్లో పెద్ద వాటా మన దేశపు కంపెనీలదే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే హెటిరో, అరబిందో, లారస్ ల్యాబ్స్ అందులో పేరున్నవి.

మొదటి వారం వికారం, తలనొప్పి, నిద్ర సరిగా పట్టకపోవడం ఉండవచ్చు. చాలామందికి అదే సర్దుకుంటుంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాస్ టానిక్కులు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాత గానీ, ఆరు గంటల ముందు గానీ వాటిని తాగాలి. క్యాల్షియం, ఐరన్ బిళ్ళల గురించి కూడా డాక్టరును అడగాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకూ, ఫిట్స్ మందు వాడేవాళ్ళకూ, టీబీ మందుల్లో ఉన్నవాళ్ళకూ డోసులు మార్చాల్సి రావచ్చు. టెనోఫోవిర్ కిడ్నీ మీద భారం వేస్తుంది కాబట్టి క్రియాటినిన్ పరీక్ష చేస్తారు. ఇదే జిల్లాలోని ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బులు ఎక్కువ. అలాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ళు తమ ఇంట్లో కిడ్నీ జబ్బులున్న సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. హెపటైటిస్-బి ఉన్నవాళ్ళు 28 రోజులయ్యాక తమంతట తాము మందు ఆపకూడదు, టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ ఆ వైరస్‌నూ అణుస్తాయి కాబట్టి ఆపగానే కాలేయం వాయవచ్చు. ఇక మందు మధ్యలో మానేయడానికి చాలామంది చెప్పే కారణం మరొకటి: ఇంట్లో ఎవరైనా డబ్బా చూస్తారని. దాచుకునే ఏర్పాటు కౌన్సెలర్‌తో ముందే మాట్లాడుకుంటే కోర్సు పూర్తవుతుంది.

పరీక్ష సంగతి. ప్రమాదం జరిగిన రోజు చేసే పరీక్ష ఆ ప్రమాదం గురించి ఏమీ చెప్పదు. అంతకుముందే జబ్బుందా లేదా అన్నదే అందులో తేలుతుంది. ఉంటే 28 రోజుల మందు సరిపోదు, జీవితాంతం ఏఆర్‌టీ మొదలుపెట్టాలి. కొత్తగా సోకిన సంగతి పరీక్షకు దొరకడానికి వ్యవధి కావాలి. రక్తంలో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్షకు 10 నుంచి 33 రోజులు, యాంటిజెన్, యాంటీబాడీ రెండూ చూసే ల్యాబు పరీక్షకు 18 నుంచి 45 రోజులు, యాంటీబాడీ మాత్రమే చూసే కార్డు పరీక్షకు 23 నుంచి 90 రోజులు పడుతుంది. ఈ మధ్యకాలాన్నే విండో పీరియడ్ అంటారు. పీఈపీ వాడినవాళ్ళకు ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్ళీ పరీక్ష చేస్తారు. అప్పటిదాకా కండోమ్ వాడాలి, రక్తం ఇవ్వకూడదు. ఉచితంగా పరీక్ష అవుతుందని రక్తదాన శిబిరంలో పడుకునేవాళ్ళు కొందరున్నారు. విండో పీరియడ్‌లో ఇచ్చిన ఆ రక్తం పరీక్ష దాటి ఎవరి ఒంట్లోకో వెళ్ళవచ్చు. ఇంతకంటే ప్రమాదకరమైన పొదుపు మరొకటి ఉండదు.

ప్రైవేటు ల్యాబులో కార్డు మీద రెండు గీతలు కనిపించగానే జీవితం ముగిసిందనుకోవడం తొందరపాటు. ఐసీటీసీలో, లక్షణాలేమీ లేని మనిషికి వేరువేరు రకాల మూడు కిట్లతో పరీక్షించి మూడూ రియాక్టివ్ అయితేనే పాజిటివ్ అని రాస్తారు. ఎందుకో ఉదాహరణకు లెక్క వేసి చూడవచ్చు. వెయ్యిమందిలో ఏడుగురికి జబ్బుందనుకుంటే, వెయ్యికి అయిదుసార్లు తప్పుగా రియాక్టివ్ చూపే కిట్ పన్నెండు మందిని పట్టుకుంటుంది, అందులో అయిదుగురికి జబ్బే లేదు. ఒక్క కార్డును నమ్మి ఆ అయిదుగురి కాపురాలను కూల్చకూడదు. ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల కట్టలో ఈ పరీక్షను చెప్పకుండా కలిపేయడం చాలా నర్సింగ్‌హోముల్లో మామూలైపోయింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నియంత్రణ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని ఇతరులకు చెప్పకూడదు, జబ్బుందని ఉద్యోగంలోంచో, బడిలోంచో, అద్దె ఇంట్లోంచో వెళ్ళగొట్టకూడదు. పనిలో ప్రమాదమున్న సిబ్బందికి పీఈపీ ఇవ్వడం ఆసుపత్రుల బాధ్యత అని కూడా ఆ చట్టమే చెప్పింది.

సోకిన రెండు మూడు వారాలకు జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దుర్లు కొందరిలో కనిపిస్తాయి. వానాకాలంలో ఏ ఇంట్లో చూసినా ఇవే లక్షణాలు. డెంగీకీ, వైరల్ జ్వరానికీ, దీనికీ తేడా చూపించేది పరీక్ష ఒక్కటే. లక్షణాలు వెతుక్కుంటూ ఫోన్‌లో అర్ధరాత్రి దాకా చదువుకుని, ప్రమాదమే లేని సంఘటనకు పదిసార్లు పరీక్షలు చేయించుకునేవాళ్ళూ ఉన్నారు. మూడు నెలల తర్వాత నాన్ రియాక్టివ్ వచ్చి, మధ్యలో కొత్త ప్రమాదం, పీఈపీ లేకపోతే ఆ సంఘటన అక్కడితో ముగిసినట్టే. ఆ తర్వాత కూడా భయం పోకపోతే వాళ్ళకు కావాల్సింది మానసిక వైద్యుడు. ఈ భయాన్నే పెట్టుబడిగా పెట్టుకుని ఎయిడ్స్ నయం చేస్తామని గోడల మీద రాసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నయం చేస్తామని ప్రకటించడానికి వీల్లేని జబ్బుల జాబితాలో, ఔషధాల నిబంధనల షెడ్యూల్-జెలో, ఎయిడ్స్ పేరుంది.

పీఈపీ మళ్ళీ మళ్ళీ అవసరమవుతున్న మనిషికి ప్రెప్ అనే దారి ఉంది. జబ్బు లేనివాళ్ళు ప్రమాదానికి ముందే క్రమంగా వాడే మాత్ర అది. భార్యాభర్తల్లో ఒకరికి జబ్బుండి వైరస్ ఇంకా అణగని కాలంలోనూ పనికొస్తుంది. నాకో దీనికి 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆరు నెలలకొకసారి వేసుకునే లెనకపవిర్ అనే ఇంజెక్షన్, దక్షిణాఫ్రికా, ఉగాండా యువతుల మీద జరిగిన ప్రయోగంలో అది తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికీ జబ్బు రానివ్వలేదని 2024లో తేలింది. 2025 జూన్‌లో అమెరికా అనుమతి వచ్చింది. దాని చవక రకాన్ని తయారుచేసే లైసెన్సు దక్కిన ఆరు కంపెనీల్లో డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. ఏడాదికి దాదాపు 40 డాలర్ల ధరకు 2027 నుంచి అవి పేదదేశాలకు ఇచ్చే ఒప్పందాలు కుదిరాయి. అయితే ఆ ఇంజెక్షన్ రుజువైంది ప్రమాదానికి ముందు వాడటానికే. జరిగిపోయినదానికి ఇప్పటికీ టీఎల్‌డీయే, 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులూ మింగాల్సిన బిళ్ళే.